మీ వార్డులో ఉన్న ప్రశ్నతో మొదలుపెట్టండి

ప్రశ్న: నేను ఒక జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే బరువు తక్కువగా పుట్టిన, జబ్బుపడిన పసిబిడ్డలను ఉంచే విభాగంలో, స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జీఎన్‌ఎం చేసి, ఉద్యోగంలో చేరాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తిచేశాను. మా చెల్లెలు ఇంగ్లండ్‌లో నర్సు. అక్కడ ఏ పని చేసినా ‘దీనికి ఆధారం ఏమిటి’ అని అడుగుతారట. ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్, అంటే పరిశోధనల ఆధారంతో పనిచేయడం, నేర్చుకో, ఆన్‌లైన్‌లో బోలెడు కోర్సులున్నాయి అని నన్ను పోరుతోంది. వెతికితే ఉచితంగా ఇచ్చేవి మొదలు 38 వేల రూపాయల దాకా రకరకాలు కనిపించాయి. ఆ 38 వేల కోర్సువాళ్లు ‘అంతర్జాతీయ సర్టిఫికెట్’ ఇస్తామంటూ రోజూ ఫోన్ చేస్తున్నారు. నాకు నెలలో వారం పది రోజులు నైట్ డ్యూటీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు. పరిశోధన పత్రం తెరిస్తే మొదటి పేజీలోనే కళ్లు తిరుగుతాయి. ఇంత కష్టపడి నేర్చుకున్నా వార్డులో నా మాట ఎవరు వింటారు? ‘పుస్తకాల్లో సంగతులు ఇక్కడ నడవవమ్మా’ అని మా సీనియర్ సిస్టర్ ఇప్పటికే అన్నారు. కోర్సులో చేరమంటారా? చేరితే ఏది?
– ఒక స్టాఫ్ నర్సు (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: సిస్టర్ గారూ,

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 38 వేలు కట్టకండి. ఆ కోర్సు చెడ్డదని నేను అనడం లేదు, దాని పాఠాలు నేను చూడలేదు. కానీ ఏ ప్రశ్నకు జవాబు కావాలో మీకు తేలకముందే ఏ కోర్సు కొన్నా, అది చూడని వీడియోలుగా ఫోన్లో పడి ఉంటుంది. పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో పదోన్నతికి సీనియారిటీని, గుర్తింపు ఉన్న డిగ్రీని చూస్తారు గాని కొన్ని వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ను చూడరు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు కావలసిన గంటల్లో ఈ కోర్సు లెక్కకు వస్తుందని వాళ్లు చెబితే, ఆ మాట ఫోన్లో నమ్మకుండా మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి. రోజూ ఫోన్ చేసి తొందరపెట్టే విద్యాసంస్థ అంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

మీ చెల్లెలు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్‌లో కొనసాగాలంటే మూడేళ్లకోసారి 35 గంటల చదువు చూపించాలి. అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవి అయి ఉండాలి. 1999లో ఏర్పడిన నైస్ అనే సంస్థ ఇచ్చే మార్గదర్శకాలు అక్కడ రోజువారీ సంభాషణలో భాగం. అంటే ఆమె చుట్టూ ఉన్న వాతావరణమే ఆమెను చదివిస్తుంది. మీకు ఆ ఒత్తిడి లేదు, అడిగేవారు లేరు. అందుకే మీరు చదవడానికి కారణం మీ వార్డులోనే వెతుక్కోవాలి. అది దొరికితే కోర్సు ఏదైనా ఉపయోగపడుతుంది, దొరకకపోతే ఆక్స్‌ఫర్డ్ పాఠాలైనా నిద్రపుచ్చుతాయి.

మీ సీనియర్ సిస్టర్ మాటను కొట్టిపారేయకండి. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ అనే పేరు 1990ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. గోర్డన్ గయాట్ 1991లో ఆ మాట వాడారు. డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు 1996లో దాన్ని వివరంగా చెప్పారు: పరిశోధనల్లో దొరికే మేలైన ఆధారాన్ని, చికిత్స చేసేవారి అనుభవంతోను, రోగి ఇష్టాయిష్టాలతోను కలిపి నిర్ణయం తీసుకోవాలి. అనుభవం లేకుండా పత్రాన్ని తెచ్చి రోగి మీద రుద్దితే ప్రమాదమని వాళ్లే హెచ్చరించారు. బిడ్డ కదలిక చూసి, మానిటర్ మోగకముందే ఏదో తేడాగా ఉందని పసిగట్టగల మీ సీనియర్ సిస్టర్ ఈ మూడింటిలో ఒకటి. ఆమెను ఎదుటి పక్షంలో నిలబెట్టుకుంటే మీ చదువు మొదలవకముందే సగం ఓడిపోయినట్లు.

అయితే అనుభవం ఒక్కటే చాలదని చెప్పే చరిత్ర కూడా మీ విభాగానిదే. 1940లలో, 50ల మొదట్లో నెలలు నిండని పిల్లలకు ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా పెట్టేవారు. బిడ్డ ఎర్రగా కనిపిస్తోంది, ఊపిరి తేలిగ్గా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నారు. ఆ చేతులన్నీ అనుభవమున్న చేతులే. వేలమంది పిల్లలకు చూపు పోయింది. 1950లలో అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి పిల్లలను రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే గాని కారణం ఆక్సిజనేనని ఖాయం కాలేదు. ఆ భయంతో ఆక్సిజన్‌ను మరీ బిగించారు, ఈసారి ప్రాణాలు పోయాయి. ఈ తూకం ఎక్కడ నిలబెట్టాలో ఈ శతాబ్దంలో ఇలాగే గుంపులు చేసి పోల్చిన పెద్ద పరీక్షలు, అంటే ట్రయల్స్, చూపించాయి. సాచురేషన్‌ను, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని, 85–89 మధ్య ఉంచిన పిల్లల్లో మరణాలు ఎక్కువ, 91–95 మధ్య ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు ఎక్కువ. మీరు రోజూ ఆక్సీమీటర్‌లో పెట్టే అలారం హద్దుల వెనక ఇంత కథ ఉంది. బిడ్డ ఎర్రగా ఉంటే చాలని ఇప్పటికీ ఆక్సిజన్ తగ్గించనివారు మీ వార్డులో ఒకరైనా లేరా?

సరే, ప్రశ్న ఎలా పట్టుకోవాలి? మీ డ్యూటీలో ‘ఇలా ఎందుకు చేస్తున్నాం’ అని మనసులో మెదిలినవి ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. తెలుగులోనే రాయండి. నా ఉదాహరణకు ఒకటి ఎంచుకుంటాను, మీకు బాగా తెలిసినదే: కంగారూ మదర్ కేర్, మీరంతా కేఎంసీ అని పిలిచేది, బిడ్డను తల్లి గుండె మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచడం. చాలా చోట్ల బిడ్డ కుదుటపడ్డాక, ఆక్సిజన్ తీసేశాక, అప్పుడు తల్లిని పిలిచి గుండెకు హత్తుకొమ్మంటారు. అంతదాకా ఆగాలా, పుట్టిన మొదటి గంటల్లోనే మొదలుపెట్టవచ్చా? ఇదీ ప్రశ్న.

దీన్ని నాలుగు ముక్కలు చేయండి. ఎవరికి: పుట్టినప్పుడు 1,800 గ్రాములకు తక్కువ ఉన్న పిల్లలకు. ఏమి చేస్తే: పుట్టిన వెంటనే కేఎంసీ మొదలుపెడితే. దేనితో పోలిస్తే: కుదుటపడ్డాక మొదలుపెట్టడంతో. ఏమి మారుతుంది: నెలలోపు మరణాలు. దీన్ని కోర్సుల్లో పీకో అంటారు. పేరు ఎలా ఉన్నా పని ముఖ్యం. ఈ నాలుగు ముక్కలు లేకుండా ‘కేఎంసీ మంచిదేనా’ అని వెతికితే మీ ముందు వేల పత్రాలు పడతాయి, ఫోన్ పక్కన పెట్టేస్తారు.

వెతికే చోట్లు మూడు చాలు. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ అనే పరిశోధన పత్రాల సూచిక అందరికీ ఉచితం. పూర్తి పత్రం ఉచితంగా దొరికేవాటిని మాత్రమే చూపించమని అక్కడే ఎంచుకోవచ్చు, ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసే సిస్టమాటిక్ రివ్యూలను మాత్రమే చూపించమనీ అడగవచ్చు. రెండోది కాక్రేన్ లైబ్రరీ. ఒకే ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన ట్రయల్స్ అన్నింటినీ జల్లెడపట్టి ఒకచోట పెట్టే రివ్యూలు ఇందులో ఉంటాయి. 2007లో మన భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, చందా కట్టి దేశమంతటికీ దీన్ని తెరిచింది. వెల్లూరు సీఎంసీలో దీనికి దక్షిణాసియా కేంద్రం కూడా ఏర్పడింది. పూర్తి రివ్యూ తెరుచుకోకపోయినా సారాంశం, మామూలు మాటల్లో రాసిన వివరణ ఎవరైనా చదవవచ్చు. మూడోది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు. అంతకు మించి గూగుల్‌లో మొదట కనిపించినదల్లా తెరవకండి. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నల్స్ మనకు దూరపు ముచ్చట కాదు. హైదరాబాద్‌లో వేళ్లున్న ఒక ప్రచురణ, సదస్సుల సంస్థ పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది.

చాట్‌బాట్‌ను అడిగితే పోదా అని మీ మనసులో ఉండవచ్చు. కష్టమైన పేరాకు తెలుగు చెప్పమని అడగడానికి పనికొస్తుంది. కానీ పరిశోధన పేర్లు చెప్పమంటే లేని పత్రాలను కూడా ఉన్నట్లే చెబుతుంది, రచయితల పేర్లతో సహా. అది చెప్పిన పత్రం పబ్‌మెడ్‌లో కనిపించకపోతే వదిలేయండి. అనువాదంలో అంకెలను, ‘లేదు’ ‘కాదు’ అనే మాటలను మూలంతో ఒకసారి సరిచూసుకోండి.

మన ప్రశ్నకు వెతికితే ఒక పెద్ద పత్రం దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ ఇది. 2021 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మన దేశం తరఫున పాల్గొన్నది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. దీన్ని మీతో కలిసి కొంచెం నిదానంగా చదువుతాను, ఎందుకంటే ఒక్క పత్రం సరిగ్గా చదవగలిగితే తరువాతి పదింటికి అదే దారి.

ముందు వేసే పొరపాటు అడుగు ఏమిటంటే, పైనున్న సారాంశం చదివి ఆపేయడం. సారాంశం రచయితలు మీకు చూపించదలచుకున్న ముఖం. దాన్ని చివరికి ఉంచండి. మొదట పద్ధతుల భాగానికి వెళ్లి ఏ పిల్లలను తీసుకున్నారో చూడండి. పుట్టినప్పుడు ఒక కిలో నుంచి 1,799 గ్రాముల దాకా ఉన్నవారు, మొత్తం 3,211 మంది. పుట్టిన గంటకి కూడా సొంతంగా ఊపిరి తీసుకోలేని పిల్లలను తీసుకోలేదు. ఇక్కడే మీకొక గీత దొరికింది: వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ గురించి ఈ పత్రం ఏమీ చెప్పదు. తరువాత, రెండు గుంపులకు ఏమేమి చేశారు? మొదటి గుంపుకు తల్లి పడక శిశు ఐసీయూలోనే వేసి వెంటనే కేఎంసీ మొదలుపెట్టారు. ఐసీయూలో ఉన్నన్నాళ్లూ రోజుకు మధ్యస్థంగా 16.9 గంటలు బిడ్డ గుండె మీదనే ఉంది. రెండో గుంపుకు కుదుటపడేదాకా మామూలు సంరక్షణే, ఐసీయూలో ఉన్నంతకాలం రోజుకు 1.5 గంటలు. ఏ బిడ్డ ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. డాక్టర్ ఇష్టానికి వదిలిపెడితే బలంగా ఉన్న పిల్లలు తల్లి దగ్గరకు, నీరసంగా ఉన్నవారు వార్మర్ కిందికి వెళ్లేవారు, పోలిక చెడిపోయేది.

ఇప్పుడు అంకెలు. 28 రోజుల్లోపు చనిపోయినవారు వెంటనే మొదలుపెట్టిన గుంపులో 12.0 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. పత్రికల్లో ‘మరణాలు 25 శాతం తగ్గాయి’ అని వస్తుంది. అది అబద్ధం కాదు, 15.7లో దాదాపు పావు వంతు తగ్గింది. కానీ మీ చేతి కింద 100 మంది పిల్లలుంటే తేడా 25 మంది కాదు, సుమారు నలుగురు. 100ను 3.7తో భాగిస్తే 27. అంటే 27 మంది పిల్లలకు ఇలా చేస్తే ఒక ప్రాణం అదనంగా నిలిచింది. మందుల కంపెనీ ప్రతినిధి తెచ్చే కాగితంలో ఎప్పుడూ మొదటి రకం అంకె ఉంటుంది. మీరు రెండో రకం లెక్క వేసుకోవడం నేర్చుకుంటే ఆ 38 వేల కోర్సులో సగం నేర్చుకున్నట్లే.

పత్రంలో రెండు గుంపుల మరణాల నిష్పత్తి పక్కనే 0.64 నుంచి 0.89 అని ఒక జత అంకెలుంటాయి. నిష్పత్తి 1 అయితే తేడా లేనట్లు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటే భయపడకండి. అసలు ప్రయోజనం 36 శాతం దాకా ఉండవచ్చు, 11 శాతమే కావచ్చు, ఆ మధ్యలో ఎక్కడో ఉందని దాని భావం. రెండు అంకెలూ 1కి కిందే ఉన్నాయి కాబట్టి ప్రయోజనం ఉందనుకోవచ్చు. అదే పత్రంలో మొదటి మూడు రోజుల మరణాలు చూడండి: 4.6 శాతం, 5.8 శాతం. తేడా కనిపిస్తోంది గాని ఇక్కడ జత 0.58 నుంచి 1.04. పై అంకె 1 దాటింది. కాబట్టి మొదటి మూడు రోజుల గురించి గట్టిగా చెప్పలేం, నెల రోజుల గురించి చెప్పగలం. ఇదే తేడాను మీరు వార్డులో నోరారా చెప్పగలిగితే ఏ డాక్టరైనా ఆగి వింటారు.

ఇక లోపాలు వెతకాలి. ఎవరు ఏ గుంపో దాచడం ఇక్కడ సాధ్యం కాదు, బిడ్డ తల్లి గుండె మీద ఉన్నది అందరికీ కనిపిస్తుంది. నొప్పి, నిద్ర లాంటివి కొలిస్తే అది పెద్ద లోపమయ్యేది. మరణం విషయంలో అంత తేడా పడదు. నాకు తట్టే అసలు ప్రశ్న వేరు: మేలు చేసింది చర్మస్పర్శా, లేక తల్లి ఇరవైనాలుగు గంటలూ పక్కనే ఉండటమా? తల్లి ఉంటే పాలు ముందు అందుతాయి, బిడ్డను ముట్టుకునే చేతులు తగ్గుతాయి, చిన్న మార్పు వెంటనే కంటపడుతుంది. ఈ ట్రయల్‌లో ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి, విడదీయలేం. కానీ మీ వార్డుకు ఇది ఎంతో పనికొచ్చే అనుమానం. మీ ఎస్‌ఎన్‌సీయూలో తల్లికి పడక ఉందా? కాన్పుల వార్డులో తల్లి, ఇక్కడ బిడ్డ, పాలివ్వడానికి మాత్రం చెప్పులు విడిచి లోపలికి రావడం అనే పద్ధతే ఉంటే, పత్రంలో చేసినది యథాతథంగా మీ దగ్గర చేయలేరు. ఎంత చేయగలరన్నది మీరు, మీ సీనియర్ సిస్టర్ కూర్చుని తేల్చవలసిన సంగతి. ఆమె అనుభవానికి పని పడేది ఇక్కడే.

‘ఇక్కడ నడవవు’ అనే మాట నిజంగానే నిజమైన సందర్భం ఒకటి చెబుతాను. నెలలు నిండకముందు కాన్పు వస్తుందనిపిస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు, మీకు తెలుసు. 1972లో న్యూజిలాండ్‌లో మొదలైన ఆధారం అది. కాక్రేన్ సంస్థ లోగోలో ఉన్న గీతలు కూడా ఆ ట్రయల్స్ లెక్కలే. అంత గట్టి ఆధారం. కానీ మన దేశం సహా ఆరు దేశాల్లో, కింది స్థాయి ఆరోగ్య కేంద్రాల దాకా ఈ ఇంజక్షన్‌ను తీసుకెళ్లి చూస్తే, 2015లో వచ్చిన ఫలితాల్లో చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు, మొత్తం శిశువుల్లో మరణాలు కొంత పెరిగాయి కూడా. నెలలు సరిగ్గా లెక్కకట్టలేని చోట, పుట్టాక చూసుకునే ఏర్పాటు లేని చోట అదే మందు అలా నడిచింది. తరువాత అన్నీ ఉన్న ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో నెలలు లెక్కకట్టి, భారత్ సహా అయిదు దేశాల్లో మళ్లీ ట్రయల్ చేస్తే 2020లో ప్రయోజనం స్పష్టంగా కనిపించింది. కాబట్టి మీ సీనియర్ సిస్టర్ ‘ఇక్కడ’ అన్న మాటలో ఉన్నది మొండితనమని అనుకోకండి. ‘ఇక్కడ ఏది లేదు, దేన్ని తెచ్చుకోవచ్చు’ అని తిరిగి అడగండి.

ఇంకో సంగతి. ఈ ఆధారాలన్నీ సముద్రాల అవతలే పుడతాయనుకోవద్దు. అసలు కేఎంసీ మొదలైంది 1978లో కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో. తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామాల్లో చదువు కొద్దిగా ఉన్న స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిబిడ్డలను చూసుకునే పద్ధతిని పరీక్షించారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మీ విభాగం నుంచి డిశ్చార్జ్ అయిన బిడ్డను ఇప్పుడు ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూస్తోందంటే, 2011లో దేశమంతటా మొదలైన ఆ కార్యక్రమానికి వెనకున్న బలమైన ఆధారం ఆ పల్లెలదే.

ఇంగ్లిష్ గురించి మీరు పడుతున్న భయం సగం అనవసరం. పరిశోధన పత్రాల ఇంగ్లిష్ చాలా ఇరుకైన ఇంగ్లిష్. అవే యాభై అరవై మాటలు ప్రతి పత్రంలోనూ తిరుగుతుంటాయి. వాటిని నోటుబుక్కులో మీ మాటల్లో అర్థంతో రాసుకుంటే మూడో పత్రానికి నిఘంటువు అవసరం తగ్గుతుంది. తెలుగు మీడియంలో చదివినందుకు మీకు లాభం కూడా ఉంది: అర్థం కాకుండా ముందుకు జరగరు. ఇంగ్లిష్ ధారాళంగా వచ్చినవారు సారాంశం చదివేసి అర్థమైపోయిందనుకోవడం నేను పాఠం చెప్పే తరగతుల్లో తరచూ చూస్తుంటాను.

ఇప్పుడు కోర్సులు. ఈ క్రమంలో వెళ్లండి. మొదట కాక్రేన్ వారి ఎవిడెన్స్ ఎసెన్షియల్స్. చిన్న చిన్న భాగాలు, ఉచితం, లెక్కలు తక్కువ. ఒక పత్రంతో కుస్తీ పట్టిన తరువాత చూస్తే ‘ఓహో, ఇందుకా’ అనిపిస్తుంది. దాని తరువాత కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఐసీఎంఆర్‌కు చెందిన చెన్నై జాతీయ ఎపిడెమియాలజీ సంస్థవారు ఇచ్చే బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సు. పీజీ వైద్య విద్యార్థులకు తప్పనిసరి చేసిన కోర్సే ఇది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు రుసుము కట్టాలి. మన ఉచ్చారణ, మన ఉదాహరణలు కాబట్టి చెవికి పడుతుంది. కాకపోతే ఇది పరిశోధన చేయడం నేర్పే కోర్సు, దాన్ని వాడుకోవడం నేర్పేది కాదు. అందుకే రెండో స్థానంలో పెట్టాను. కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం సిస్టమాటిక్ రివ్యూల మీద ఇచ్చే కోర్సు మంచిదే గాని బరువైనది, వచ్చే ఏడాదికి ఉంచుకోండి. సర్టిఫికెట్ డబ్బు కట్టలేనివారు ఆర్థిక సాయం కోసం అక్కడే దరఖాస్తు చేయవచ్చు. వీటితోపాటు పత్రం ఎంత నమ్మదగినదో తూచి చూడటానికి బ్రిటన్‌లో తయారైన కాస్ప్ ప్రశ్నావళులు దించుకోండి, ఉచితమే. ట్రయల్‌కు ఒకటి, రివ్యూకు ఒకటి, ఇంటర్వ్యూలతో చేసిన పరిశోధనకు ఒకటి వేర్వేరుగా ఉంటాయి. పైన కేఎంసీ పత్రాన్ని నేను అడిగిన ప్రశ్నలు చాలావరకు ఆ కోవకు చెందినవే.

ఇంటర్వ్యూల పరిశోధనను చిన్నచూపు చూడకండి. తల్లి కేఎంసీ ఎందుకు మధ్యలో ఆపేస్తుందో లాటరీ వేసి చేసే ట్రయల్ చెప్పదు. మే నెల ఉక్కపోత, సిజేరియన్ కుట్ల నొప్పి, తెర లేకపోవడం, అత్తగారి గొణుగుడు, ఇంటి దగ్గర పెద్దపిల్ల ఎలా ఉందోనన్న బెంగ. ఇవి తల్లులను అడిగి, విని, రాసినవారి పత్రాల్లో దొరుకుతాయి.

ఎప్పుడైనా డబ్బు కట్టే కోర్సులో చేరాలనుకుంటే వాళ్లను రెండే అడగండి. నా సొంత ప్రశ్న మీద నేను వెతికి రాసినదాన్ని ఎవరైనా మనిషి చదివి దిద్దుతారా? ఆ మనిషి ఎవరు? దీనికి సూటిగా జవాబు రాకపోతే మీరు కొంటున్నది వీడియోలు మాత్రమే, అవి ఉచితంగానే ఉన్నాయి.

నైట్ డ్యూటీ దిగి చదువుదామని కూర్చోకండి, నిద్రపోండి. డే డ్యూటీ వారాల్లో, వారానికి రెండు మూడుసార్లు, అరగంట ముప్పావుగంట చాలు. ఒంటరిగా చదివితే మానేస్తారు. మీ చెల్లెల్నే పట్టుకోండి. నెలకొక పత్రం, ఆదివారం వీడియో కాల్, ఇద్దరూ చదివి వాదించుకోవాలి. ఆమె 20 గంటల్లో ఇదీ చేరుతుందేమో తననే కనుక్కోమనండి. పోరింది గదా, పనిలోకి దిగనివ్వండి.

వార్డులో మీ మాట ఎవరు వింటారన్నారు. పత్రం చేత్తో పట్టుకుని ‘మనం చేసేది తప్పు’ అంటూ వెళితే ఎవరూ వినరు. ముప్పై ఏళ్ల సర్వీసున్నవారికి అది తాతకు దగ్గులు నేర్పినట్లు ఉంటుంది. ముందు లెక్క రాయండి. రెండు వారాలపాటు, 1,800 గ్రాములకు తక్కువ ఉండి సొంతంగా ఊపిరి తీసుకుంటున్న ప్రతి బిడ్డకూ నాలుగు గడులు: బరువు, పుట్టిన ఎన్ని గంటలకు కేఎంసీ మొదలైంది, రోజుకు ఎన్ని గంటలు, ఆలస్యమైతే కారణం. ఆ నాలుగో గడిలోనే మీ వార్డు అసలు రూపం బయటపడుతుంది. కుర్చీ లేదు, తల్లి మరో ఆసుపత్రిలో ఉంది, ఫొటోథెరపీలో ఉంది, ఆ షిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. వీటిలో కొన్ని మీ చేతిలో లేవు. కొన్ని ఒక తెర, రెండు వాలుకుర్చీలతో పోతాయి. తల్లి రాలేని రోజుల్లో అమ్మమ్మనో తండ్రినో కూర్చోబెడితే ఇంకొన్ని పోతాయి.

ఆ కాగితాన్ని ముందు సీనియర్ సిస్టర్‌కు చూపించి, ఏది మార్చవచ్చో ఆమెనే చెప్పమనండి. తరువాత ఇద్దరూ కలిసి పిల్లల డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మీ చేతిలో విదేశీ పత్రం ఒక్కటే ఉండనక్కరలేదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లోనే కేఎంసీ మీద, 2017లో కుటుంబసభ్యులను ఎస్‌ఎన్‌సీయూ సంరక్షణలో భాగస్వాములను చేయడం మీద మార్గదర్శకాలిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కేఎంసీని వీలైనంత త్వరగా మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వాలని, సొంతంగా ఊపిరి తీసుకోలేని, షాక్‌లో ఉన్న, వెంటిలేటర్ కావలసిన పిల్లలకు మాత్రం మినహాయింపని చెప్పింది. ప్రభుత్వ కాగితం చూపిస్తే మీరు కొత్తగా అడుగుతున్నదేమీ లేదని, ఉన్నదాన్నే అమలు చేయమంటున్నారని తేలుతుంది. ఒక్క మార్పు చేసి, రెండు నెలల తరువాత అవే నాలుగు గడులు మళ్లీ నింపండి. మారకపోతే అది కూడా ఫలితమే, రాసి పెట్టండి.

ఈ జవాబు చదివే ఫిజియోథెరపిస్టులకు, సామాజిక కార్యకర్తలకు ఒక మాట. దారి ఇదే, వెతికే చోట్లే వేరు. ఫిజియోథెరపీకి సిడ్నీ నుంచి నడిచే పెడ్రో అనే పరిశోధన పత్రాల సూచిక ఉంది, ట్రయల్స్‌కు నాణ్యత మార్కులు కూడా వేసి పెడుతుంది. పిల్లల సంరక్షణ, నేరాలు, చదువు లాంటి సామాజిక విషయాలకు 2000లో మొదలైన క్యాంప్‌బెల్ సంస్థ రివ్యూలు ఉచితంగా చదవవచ్చు. దారి తప్పే పిల్లలను జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో భయపెడితే బాగుపడతారని అమెరికాలో గట్టిగా నమ్మారు. రివ్యూ చేస్తే, ఏమీ చేయకుండా వదిలేసిన పిల్లల కన్నా వీళ్లే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. సదుద్దేశంతో చేసే పనులకు కూడా పరీక్ష అవసరమని ఆ రంగంలోవారు తరచూ ఎత్తిచూపే ఉదాహరణ అది.

చివరగా, సిస్టర్ గారూ, లెక్క మొదలుపెట్టేముందు మీ విభాగం ఇన్‌చార్జి డాక్టర్‌కు, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఒక పేజీ రాసి అనుమతి తీసుకోండి. ఇది వార్డు పని మెరుగుపరచుకోవడానికేనని అందులో రాయండి. రేపు దాన్ని ఎక్కడైనా ప్రచురించాలనుకుంటే ముందుగానే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, తరువాత అడిగితే ఇవ్వరు. మీ గడుల కాగితంలో తల్లి పేరు, ఐపీ నంబరు, ఊరు రాయకండి, వరుస సంఖ్య చాలు. కేస్ షీట్లను ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవద్దు, మీ చెల్లెలికైనా సరే.